ఎండకు పెట్టిన సెల్లులు

వరంగల్ కొత్తవాడలో ఆ రోజుల్లో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడే వినిపించేది. అందరూ జంపఖానాలు నేసేవాళ్ళే. అందుకని కొత్తవాళ్ళకు వెంకట్రాజం ఇల్లు చెప్పాలంటే ఇరుగుపొరుగువాళ్ళు ఒకటే గుర్తు చెప్పేవాళ్ళు.

“చూరు మీద సెల్లులు ఎండుతాంటయి చూడుండ్రి, గదే.”

మిగతా ఇళ్ళ పెంకుల మీద వడియాలో మిరపకాయలో ఎండితే, ఆ ఇంటి మీద టేపురికార్డరు సెల్లులు ఎండేవి. నీరసపడ్డ సెల్లును ఒక పూట ఎండలో పెడితే ఇంకో పూట పనిచేస్తుందని అప్పట్లో అందరికీ తెలుసు. మిగతావాళ్ళు ఎప్పుడో ఒకసారి రేడియోలో వార్తల కోసం ఆ పని చేస్తే, వెంకట్రాజం రోజూ తన చేతి కోసం చేశాడు. ఆ చేతి సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

డెబ్భైల మొదట్లో, ఇంకా మీసం సరిగ్గా రాని వయసులో, వెంకట్రాజం తండ్రి వెంట హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు జంపఖానాలు అమ్మడానికి వెళ్ళాడు. వాళ్ళ దుకాణానికి ఎదురుగా వేసిన వేదిక మీద ఒకాయన నల్లటి చెక్క గిటారు పట్టుకుని నిలబడ్డాడు. దాని నుంచి ఒక వైరు పెద్ద డబ్బాలోకి పోతోంది. ఆయన వేలు అలా కదిలించాడో లేదో, ఆ సన్నని తీగ శబ్దం మైదానమంతా నిండిపోయింది. వెంకట్రాజం జంపఖానాల మూట మీద కూర్చుని అన్నం సంగతి మరిచిపోయాడు. తండ్రి వచ్చి భుజం తట్టి, “బేరం పోయింది గదరా,” అన్నప్పుడు గాని ఈ లోకంలోకి రాలేదు.

పెళ్ళయ్యాక, భార్య కమలను ఒప్పించి, సికింద్రాబాదులో వాయించడం మానుకున్న ఒక పెద్దాయన దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. శ్రుతి పెట్టడం, కొన్ని స్వరాలను కలిపి పలికించే కార్డ్స్ పట్టుకోవడం ఆ పెద్దాయనే చూపించాడు. ఆ తర్వాత వెంకట్రాజానికి గురువు లేడు. గిటారుకు పెట్టె కూడా లేదు. తను నేసిన జంపఖానాలోనే చుట్టి, భుజాన వేసుకుని తిరిగేవాడు.

అలా తిరుగుతూ స్టేషన్ రోడ్డులో మైక్‌సెట్లు కిరాయికిచ్చే వీరభద్రం దగ్గర చేరాడు. వీరభద్రం హార్మోనియం వాయిస్తాడు, ఒక ఆర్కెస్ట్రా నడుపుతాడు. పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా అది. ఢోలక్ యాకయ్యది. పాడేది దవాఖానాలో నర్సుగా పనిచేసే విజయలక్ష్మి. వేదిక మీద హార్మోనియం పక్కన ఒక ఇనుప మడత కుర్చీ ఉండేది. అది గిటారు కుర్చీ. వాడలో వెంకట్రాజం పదిమందిలో ఒక నేతగాడు. ఆ కుర్చీలో కూర్చుంటే మాత్రం రాజం మాస్టర్. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదుగాని, ప్రోగ్రాం ఉన్న రోజు కమల ఇస్త్రీ చొక్కా తీసి పెట్టేటప్పుడు ఆయన ముఖం చూస్తే ఆమెకు తెలిసిపోయేది.

ఎనభై మూడు వానాకాలంలో వాడకు పెద్ద పెద్ద జంపఖానాల పని వచ్చింది. పేకను అదమడానికి ఇనుప పళ్ళ పంజా ఉంటుంది. దాన్ని బొటనవేలికీ వేళ్ళకూ మధ్య బిగించి పట్టుకుని పొద్దంతా దిగ్గొట్టాలి. ఆ పని పూర్తయ్యేసరికి వెంకట్రాజం కుడి బొటనవేలు మొద్దుబారింది. మొదట సూది అందేది కాదు, తర్వాత చొక్కా గుండీ అందేది కాదు. ఒకరోజు పరకాల పెళ్ళిలో, పాట మధ్యలో, తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ళ ఆయన వేళ్ళలోంచి జారి కింద పడింది. వంగి వెతికాడు. వేదిక మీద పరిచింది తమ వాడ జంపఖానానే. ఆ రంగురంగుల అంచుల్లో బిళ్ళ ఎక్కడ కలిసిపోయిందో, పాట అయిపోయేదాకా కనిపించలేదు.

డాక్టరు గోళీలిచ్చి, పంజా పట్టవద్దన్నాడు. ఆ మాటకు కమల, “నేను పడతా తియ్యి,” అని పంజా అందుకుంది. మగ్గం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చునే నేసేవాళ్ళు కనుక పని ఆగలేదు. ఆయన నూలు అందించాడు, ఆమె దిగ్గొట్టింది. కానీ గిటారుకు మరో మనిషి చెయ్యి అరువు దొరకదు కదా. వెంకట్రాజం రిహార్సళ్ళకు పోవడం మానేశాడు.

ఎనభై నాలుగు ఎండాకాలం చివర వీరభద్రం కబురు పెట్టాడు. దుకాణానికి వెళ్ళేసరికి అక్కడ శ్రీనివాస్ అనే కుర్రాడు ఆంప్లిఫయర్ ముందు కూర్చుని ఉన్నాడు. స్టేషన్ ఘన్‌పూర్ వాళ్ళబ్బాయి, కాజీపేట వైపు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, గిటారు వాయిస్తాడు.

“రాజం, నిన్ను పొమ్మంటలేను,” అన్నాడు వీరభద్రం, ముఖం చూడకుండా వైర్లు చుడుతూ. “నా నోటితోని ఆ మాట రాదు. కని చెయ్యి ఆడకపోతె నేనేం జెయ్యాలె? చవితి పందిట్ల జనం నా ముఖం చూస్తరు.”

“చవితి దాక ఆగుతవా అన్నా?”

“చవితి ముందటి ఆయితారం రిహార్సల్ పెడ్తాన. ఆనాడు వాయించు, నీ కుర్చి నీదే. లేకుంటె గీ పిల్లగాడు కూసుంటడు. దిల్‌కు తీస్కోకు.”

శ్రీనివాస్‌కు ఇబ్బందిగా అనిపించినట్టుంది. వెంకట్రాజం వెంట రోడ్డు దాకా వచ్చాడు.

“అన్నా, మీ కుర్చీ కోసం నేను రాలేదు. ఆంప్లిఫయర్ రిపేరుకు వచ్చిన, వీరన్న కూసోబెట్టిండు.”

“నువ్వేం జేసినవ్ బిడ్డా. నా వేలు జేసింది,” అన్నాడు వెంకట్రాజం. “బిళ్ళ నిలుస్తలేదు.”

“బిళ్ళ లేకుండ గూడ వాయిస్తరన్నా.” శ్రీనివాస్ ఉత్సాహంగా ఆగాడు. “మా హాస్టల్ల ఒక ఫారిన్ మ్యాగజైన్ల ఫొటో చూసిన. కుడి చెయ్యి మీటే కాడ లేదు. రెండు చేతులు మెడ మీది ఫ్రెట్ల మెట్ల మీదనే. కుడి చేతి వేళ్ళతోని గూడ తీగను చెక్కకు తట్టి పలికిస్తరు. గట్ల వాయించిన క్యాసెట్ నా కాడ ఉన్నది, ఇస్త.”

వెంకట్రాజం తన కుడి చేతిని చూసుకున్నాడు. బొటనవేలికి పట్టు లేదు. మిగతా వేళ్ళకు ఏమీ కాలేదు. పట్టుకోవడం రాదుగాని తట్టడం వస్తుంది.

క్యాసెట్ వచ్చింది. దానిమీద పాటేదీ లేదు, మనిషి గొంతు లేదు, ఒంటరి గిటారు మాత్రమే ఉంది. మొదటిసారి విన్నప్పుడు ఇద్దరు మనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడకుండా మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. మగ్గం గదిలో బల్బు తప్ప ప్లగ్గు లేదు కనుక టేపురికార్డరు సెల్లుల మీదే నడవాలి. ఎప్పటికప్పుడు కొత్తవి కొనే ఇల్లు కాదు. పొద్దున సెల్లులు తీసి చూరు మీద పెట్టేవాడు, మధ్యాహ్నం వేడివేడిగా తెచ్చి వేసేవాడు. శబ్దం వచ్చేది. ఆ శబ్దానికి తన తీగలు సరిపోయేదాకా వదులు చేసుకుని, కమల అన్నం తిని నడుము వాల్చిన వేళ సాధన మొదలుపెట్టేవాడు.

కొత్త అంచు నేర్చుకునేటప్పుడు ఏం చేస్తారో అదే చేశాడు. ఒక వరుస, మళ్ళీ అదే వరుస. ఎడమ చేతి చూపుడువేలు ఒక మెట్టు మీద ఆనించి ఉంచాలి. కుడి చేతి నడివేలితో అదే తీగను పైన ఎక్కడో తట్టాలి. తట్టిన వేలిని ఊరికే పైకి ఎత్తకుండా కొద్దిగా పక్కకు లాగుతూ వదిలితే, వదిలేటప్పుడు కూడా తీగ పలుకుతుంది. ఎడమ చేతి చిటికెన వేలు దాన్ని అందుకుని మూడో స్వరం చెప్పాలి. తట్టు, లాగు, అందుకో. మగ్గం మీద ఎడమ చెయ్యి పోగు ఎత్తితే కుడి చెయ్యి నూలు దూర్చినట్టే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన రెండు చేతులూ ఒకే చోట పనిచేయడానికి అలవాటుపడినవి. ఇన్నాళ్ళూ గిటారు దగ్గరే అవి విడివిడిగా ఉన్నాయి.

వీరభద్రం దగ్గర్నుంచి పాత ఆంప్లిఫయర్ ఒకటి తెచ్చుకుని, పక్కింటి నుంచి వైరు లాగి కలిపిన రోజు అసలు బాధ బయటపడింది. తట్టిన తీగ ఒకటైతే తట్టని తీగలన్నీ కలిసి మూలిగాయి.

కమల లేచి కూర్చుంది. “ఏందయ్యా ఆ గోల? వాయించని తీగలు గూడ మొత్తుకుంటానయి.”

“అవి ఊకుంటలేవు. రెండు చేతులు పని మీదనే ఉన్నయి. వాటిని ఆపనీకి మూడో చెయ్యి యాడికెళ్ళి తేను?”

“మగ్గం మీద పోగు ఊగుతాంటె ఏం జేస్తవ్?”

“కడత.”

“మరి? గా మాట నేను జెప్పాల్నా మాస్టరుకు?” అని, మూలన పడి ఉన్న జంపఖానా అంచు పేలిక ఒకటి చించి, గిటారు మెడ మొదట్లో, తీగల మీదుగా చుట్టి ముడి వేసింది. మరీ బిగించకుండా, మరీ వదలకుండా. తట్టిన చోట తీగ పలికింది, మిగతావి నోరు మూసుకున్నాయి. “ఇగ వాయించుకో. నేను పండుకుంట,” అని అటు తిరిగింది. ఆ రోజు నిద్రపోయింది కూడా.

ఆషాఢం గడిచేసరికి క్యాసెట్‌లో ఉన్నది మొత్తం చేతికి వచ్చింది. అంతటితో ఆగలేదు. విజయలక్ష్మి ఎప్పుడూ పాడే ఒక జోలపాట ఉంది. దాని కార్డ్స్‌ను కూడా ఇలాగే రెండు చేతులతో తట్టుతూ, ఒక్కొక్క స్వరంగా విడదీసి వాయించడం మొదలుపెట్టాడు. అది ఎవరికోసమూ కాదు. పొద్దంతా సాధన అయ్యాక చేతులకు విశ్రాంతిగా ఉంటుందని.

అనుకున్న ఆదివారం వచ్చింది. మైక్‌సెట్ దుకాణం మీది గదిలో అందరూ చేరారు. మడత కుర్చీ విప్పి ఉంది గాని అందులో ఎవరూ కూర్చోలేదు. శ్రీనివాస్ కూడా కిటికీ దగ్గర నిలబడ్డాడు. వెంకట్రాజం జంపఖానా విప్పి, గిటారు తీసి, కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లో పెట్టుకున్న శ్రుతి మీదే, హార్మోనియం అడగకుండా, క్యాసెట్ వరుస మొదలుపెట్టాడు.

అయిపోయాక యాకయ్య ముందు తేరుకున్నాడు.

“వీరన్నా, ఇద్దరు వాయించినట్టున్నది. రెండు కుర్చీలు ఎయ్యాలె.”

వీరభద్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. శ్రీనివాస్ మాత్రం తల ఒక పక్కకు వంచి అలాగే నిలబడ్డాడు.

“ఏం బిడ్డా, తప్పు పోయిన్నా?” అని అడిగాడు వెంకట్రాజం.

“ఒక్క స్వరం తప్పు పోలేదన్నా. కని జర...”

“జర ఏంది? చెప్పు.”

“జర నిదానమైంది. శ్రుతి గూడ కింద ఉన్నది.”

“గట్లెట్లుంటది? టేపుల ఎట్లుంటె గట్లనే వాయించిన.”

శ్రీనివాస్ ఆయన వెంట తెచ్చిన క్యాసెట్ అందుకుని, కింద దుకాణంలో కరెంటు మీద నడిచే టేపుడెక్కు తెచ్చి పెట్టాడు. మీట నొక్కాడు. అదే వరుస. అదే తట్టు, అదే లాగు. కానీ వెంకట్రాజం ఇంట్లో నడిచివచ్చే మనిషి ఇక్కడ పరుగెత్తుతున్నాడు, పైగా రెండు మెట్లు ఎక్కి మరీ పరుగెత్తుతున్నాడు. స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి, ఏది ఏ వేలిదో విడదీయడానికే లేదు.

“మీ టేపురికార్డర్ల సెల్లులు ఎన్నటియి అన్నా?” అన్నాడు శ్రీనివాస్ నెమ్మదిగా.

వెంకట్రాజానికి అర్థమైంది. మోటారుకు బలం చాలక టేపు ఈడ్చుకుంటూ నడిచింది. ఎండాకాలం నుంచి తను నేర్చుకున్నది గిటారు వాయించినాయన చేతిని కాదు, సెల్లుల నీరసాన్ని.

“ఎండకు పెట్టి పెట్టి వాటికి వడదెబ్బ తాకింది,” అన్నాడు యాకయ్య. అందరూ నవ్వారు. వెంకట్రాజం కూడా నవ్వాడు. నవ్వడం తప్ప చేయగలిగిందేమీ కనిపించలేదు.

“శ్రుతి కలుపు, చూద్దాం,” అన్నాడు వీరభద్రం. హార్మోనియం మీద సా పట్టాడు. వెంకట్రాజం తీగలు బిగించాడు. బిగిసిన తీగ మీద తట్టి చూశాడు. వదులు తీగ మీద తేలిగ్గా పలికిన వేలు ఇక్కడ టక్కుమని చెక్కను తాకిందే గాని స్వరం రాలేదు. గట్టిగా తట్టాడు. మళ్ళీ తట్టాడు. బొటనవేలి కింది కండ మొద్దుబారడం మొదలైంది. ఇక చాలన్నట్టు చెయ్యి తీసేశాడు.

వీరభద్రం కిటికీలోంచి కిందికి వంగి, “చాయ్ పంపు,” అని కేకవేశాడు. అంతే, తీర్పు అయిపోయింది. వెంకట్రాజం లేచి కుర్చీలోంచి పక్కకు జరిగాడు. శ్రీనివాస్ ఆ వైపు చూడలేదు.

పని ముగిశాక మగ్గం మీది పడుగును బిగువుగా వదిలేసి ఏ నేతగాడూ లేవడు. రాత్రికి పోగులు తెగుతాయి. వెంకట్రాజం గోడ వారన జంపఖానా మీద కూర్చుని, చుట్టి పెట్టేముందు, అలవాటుగా తీగలను మళ్ళీ తన ఇంటి శ్రుతికి వదులు చేశాడు. సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని జోలపాట కార్డ్స్ తట్టాడు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరుగుతుండగా పక్క నుంచి గొంతు కలిసింది.

విజయలక్ష్మి చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే పాడుతోంది. మొదట సన్నగా, తనలో తను పాడుకున్నట్టు. పల్లవి దాటి చరణంలోకి వెళ్ళింది. ఆ పాటలో ఒకచోట గొంతు పైకి ఎక్కాలి. కొంతకాలంగా అక్కడికి వచ్చేసరికి ఆమె మెడ నరాలు ఉబ్బేవి, కళ్ళు మూసుకుని ఎలాగో దాటేసేది. వినేవాళ్ళు కూడా ఆ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఈసారి ఆ చోటు వచ్చిందీ పోయిందీ ఎవరికీ తెలియలేదు. ఆమెకే తెలిసింది. రెండో చరణం పాడేటప్పుడు కావాలని అక్కడ ఒక క్షణం ఎక్కువ నిలబడింది.

పాట అయ్యేసరికి గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది.

“వీరన్నా, నా పాట గీ శ్రుతిల పెట్టుండ్రి,” అంది.

“గీ శ్రుతి నా పెట్టెల లేదమ్మా.”

“ఎందుకు లేదు? మెట్లన్ని ఉన్నయి గద.”

“మెట్లుంటయి. నా వేళ్ళు పోవు.” వీరభద్రం హార్మోనియం వైపే చూస్తూ అన్నాడు. “భజనల నేర్చుకున్న. మా గురువు ఒక్క సా చూపెట్టిండు. నేను గాడనే కూసున్న.”

గదిలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. పాడేవాళ్ళ గొంతుల్ని ఇన్నేళ్ళూ తన సా దగ్గరికి ఈడ్చుకొస్తున్నది పట్టుదల అనుకున్నారు.

“మరి నేను గొంతు చించుకుంటాంటె చూసుకుంట కూసున్నవా అన్నా?” విజయలక్ష్మి గొంతులో కోపం లేదు. అయినా యాకయ్య ఢోలక్ తాళ్ళు సవరించుకోవడంలో పడ్డాడు.

“ఆర్కెస్ట్రా నాదమ్మా. నా పెట్టె మూసుకొని నేనేం జెయ్యాలె పందిట్ల? దేవుని లెక్క కూసోవాల్నా?”

“దేవుడైతె ముచ్చటగ కూసుంటడు. నువ్వు తాళం ఎయ్యి,” అన్నాడు యాకయ్య, తల ఎత్తకుండానే.

వీరభద్రం కాసేపు తన వేళ్ళు చూసుకున్నాడు. తర్వాత వెంకట్రాజం చేతిని చూశాడు. వేళ్ళు తీగల మీదే ఉన్నాయి.

“ఇంకొక్కపారి వాయించు రాజం.”

వెంకట్రాజం వాయించాడు. విజయలక్ష్మి పాడింది. వీరభద్రం వింటూ వింటూ హార్మోనియం తిత్తిని నెట్టి, కొక్కెం తగిలించాడు.

“ఒక్క పాటకు,” అన్నాడు. “ఒక్కటంటె ఒక్కటే. తక్కిన పాటలకు బిగిసిన గిటార్ కావాలె. కుర్చి శ్రీనివాస్‌దే రాజం. నేనన్న మాట అన్నట్టే.”

“కుర్చి ఎందుకన్నా? కుర్చిల కూసుంటె నాకు మోచెయ్యి ఆనుతలేదు. మగ్గం కాడ కూసున్నట్టు కింద కూసుంట,” అన్నాడు వెంకట్రాజం. అది సర్దుకుపోవడానికి అన్న మాట కాదు. నిజంగానే ఆయనకు ఒళ్ళో పెట్టుకుని వాయించడమే అలవాటైపోయింది.

చవితి పందిట్లో ఆ సాయంత్రం శ్రీనివాస్ కుర్చీలో, వెంకట్రాజం ఆ కుర్చీ పక్కన తన జంపఖానా మీద కూర్చున్నారు. చాలాసేపు వెంకట్రాజానికి పని లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని మిగతావాళ్ళను విన్నాడు. జోలపాట వచ్చేసరికి వీరభద్రం పెట్టె మూసి చేతులు కట్టుకున్నాడు. గిటారు మెడకు గుడ్డ పేలిక కట్టి ఉండడం చూసి ముందు వరుసలో ఎవరో, “దెబ్బ తాకినట్టున్నది పాపం,” అన్నారు. రెండు చేతులూ ఒక్కచోట చేరి తట్టడం మొదలుపెట్టాక ఆ గొంతు మళ్ళీ వినిపించలేదు. చరణం దాకా వీరభద్రం చేతులు కట్టుకునే ఉన్నాడు. ఆ తర్వాత ఒక చెయ్యి జారి తొడ మీద తాళం వేసింది.

ఒక్క పాట అన్నది మరుసటేడు రెండయింది. తర్వాత లెక్క పెట్టడం మానేశారు. చదువు అయ్యాక శ్రీనివాస్ ఉద్యోగానికి బొంబాయి వెళ్ళాడు. వెళ్ళేముందు కొత్తవాడకు వచ్చి, కాగితం విప్పని కొత్త సెల్లులు కమల చేతిలో పెట్టాడు. ఆమె వాటిని టార్చిలైటులో వేసుకుంది.

“టేపుల ఎయ్యవానే?” అన్నాడు వెంకట్రాజం.

“ఎందుకు? కొత్తయి ఏస్తె అది ఉరుకుతది. నీకు అందుతదా?”

ఆయన వెళ్ళి చూరు మీది పాత సెల్లులను ఎండ జరిగిన వైపుకు జరిపి వచ్చాడు.

కుర్చీ ఖాళీ అయింది. వీరభద్రం ఆ మాట ఎత్తకుండానే దాన్ని విప్పి, ఎప్పటిచోటే వేయించేవాడు. వెంకట్రాజం ఎప్పటిలాగే కింద కూర్చునేవాడు. కిందిశ్రుతి పాటల వంతు వచ్చినప్పుడు వీరభద్రం తన హార్మోనియానికి కొక్కెం తగిలించి, జాగ్రత్తగా ఎత్తి ఆ కుర్చీలో పెట్టి, జంపఖానా మీద వెంకట్రాజం పక్కన కూర్చుని తాళం వేసేవాడు.